స్కోమర్ వెళ్లేముందు ఒక్క మాట

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

జూన్‌లో స్కోమర్ దీవికి వెళ్తున్నావని తెలిసి ఎంత సంబరపడ్డానో! వేల్స్ తీరంలోని ఆ దీవి అంటే నాకు ప్రాణం. అందుకే ఈ ఉత్తరం.

అందరూ పఫిన్లనే రంగురంగుల ముక్కు సముద్రపు పక్షుల కోసమే వెళ్తారు. నువ్వూ తనివితీరా చూడు. ది విక్ అనే చోట అవి మనుషుల కాళ్ల పక్కనుంచే నడిచిపోతాయి. ముక్కున చేపలు కరుచుకుని ఒకటి అక్కడక్కడే తచ్చాడుతుంటే మాత్రం ఫొటో తీస్తూ నిలబడిపోకు. దానికీ దాని బొరియకీ మధ్య నువ్వు అడ్డున్నావన్నమాట. ఆ చేపలు లాక్కోవడానికి సీగల్స్ కాచుకుని ఉంటాయి. నువ్వు నాలుగడుగులు పక్కకి జరిగితే చాలు, ఒక్క పరుగున లోపలికి దూరిపోతుంది.

దారి దిగి ఒక్క అడుగు కూడా వెయ్యకు తల్లీ. అక్కడి నేలంతా గుల్ల. పైన పల్చటి మట్టిపొర, కింద బొరియ, అందులో గుడ్డు పొదుగుతూ మాంక్స్ షియర్‌వాటర్ అనే సముద్రపు పక్షి. అది ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. నీ కాలు దిగబడితే ఆ జంటకి ఆ ఏడు పిల్ల లేనట్టే.

పగలు చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు. 2018 లెక్కల ప్రకారం అక్కడ సుమారు 3,50,000 జతల షియర్‌వాటర్లు ఉన్నాయి. పగలు నేలమీద దాదాపు ఒక్కటీ కనిపించదు. కాళ్లు బాగా వెనక్కి ఉండటంతో సరిగ్గా నడవలేవు, పెద్ద సీగల్స్‌కి చిక్కిపోతాయి. అందుకే సముద్రం మీంచి చీకట్లోనే ఇల్లు చేరతాయి. వెన్నెల ఉంటే అదీ తక్కువే. కాబట్టి అమావాస్యకి దగ్గరగా ఒక రాత్రి అక్కడి హాస్టల్లో ఉండేలా చూసుకో. పడకలు కొన్నే, నెలల ముందే నిండిపోతాయి. ఎర్ర వెలుగిచ్చే టార్చి పట్టుకెళ్లు, తెల్ల వెలుగు వాటిని బెదరగొడుతుంది. దారిమీదే కూర్చుండిపోతాయి, చూసి అడుగెయ్యి. గొంతు పట్టేసిన కోడిపుంజులు వేలకొద్దీ ఒక్కసారి కూసినట్టుంటుంది ఆ గోల. భయపడకు.

పడవెక్కే ముందు సంచి పూర్తిగా విప్పి దులుపు, తిండి గట్టి మూత డబ్బాల్లోనే పెట్టు. దీవిలో పెద్ద ఎలుకలు లేవు కాబట్టే అన్ని పక్షులు నేలలో గుడ్లు పెట్టి పిల్లల్ని బతికించుకుంటున్నాయి. చూలుతో ఉన్న ఎలుక ఒక్కటి సంచిలో దాక్కుని చేరినా చాలు, గుడ్లూ పిల్లలూ మిగలవు. తనిఖీ చేస్తుంటే విసుక్కోకు.

అక్కడ తిండి అమ్మే కొట్లు ఉండవు. ఉత్తరపు గాలి వీస్తే పడవలు ఆగిపోతాయి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ ఉంచుకో.

నీ పెద్దమ్మ