గంజాయి మీద మనమూ ఓటేస్తే?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఒకేచోట పెడుతున్నాను. మూడూ గంజాయి గురించే, మూడూ విశాఖ చుట్టుపక్కల నుంచి వచ్చినవే.

ప్రశ్న: గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా అని న్యూజిలాండ్‌లో ప్రజలనే అడిగారట. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఓటుతోనే తేల్చుకున్నాయట. మా క్లాసులో దీని మీద పెద్ద వాదనే జరిగింది. మన దగ్గర కూడా ఓటింగ్ పెడితే గొడవ వదిలిపోదా మేడమ్? మీరైతే ఎటు వేస్తారు?
– డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: ఎటు వేస్తానో ముందే చెప్పేస్తాను బాబూ. తాగడానికి చిన్న పొట్లం దగ్గర పెట్టుకున్న కుర్రాడిని జైలుకు పంపడం మానేద్దామా అని అడిగితే మానేద్దామనే వేస్తాను. లైసెన్సులిచ్చి బజార్లో దుకాణాలు తెరుద్దామా అంటే వద్దని వేస్తాను. మీ క్లాసులో ఈ రెండు ప్రశ్నలూ ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. కోర్టు ఆవరణలో మా లాయర్లు వాదించుకున్నప్పుడు కూడా అలాగే కలిసిపోతాయి. ఒకరు జైలు గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు దుకాణం గురించి జవాబు చెబుతుంటారు.

ఓటేసిన చోట్ల జనాన్ని సరిగ్గా ఏం అడిగారో చూడండి. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2008లో అడిగింది చిన్న ప్రశ్న. ఒక ఔన్సు, అంటే దాదాపు 28 గ్రాముల లోపు దొరికితే క్రిమినల్ కేసు తీసేసి 100 డాలర్ల జరిమానాతో సరిపెట్టాలా? జనం సరే అన్నారు. అమ్మకం మాత్రం అప్పట్లో నేరంగానే ఉండిపోయింది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు ఇంకా ముందుకెళ్లి, 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సున్న దుకాణంలో కొనుక్కోవచ్చని తీర్పిచ్చాయి. న్యూజిలాండ్‌లో 2020 అక్టోబరులో ఓటు పెట్టారు. కొనడానికి 20 ఏళ్లు నిండాలి, రోజుకు 14 గ్రాములకు మించకూడదు అంటూ ముసాయిదా బిల్లు మొత్తం ముందే జనం చేతికిచ్చారు. 48.4 శాతం అవునన్నారు, 50.7 శాతం కాదన్నారు. ఓడిపోయినా ఆ పద్ధతి నాకు నచ్చింది. దేనికి ఓటేస్తున్నామో ఓటరుకు తెలుసు.

స్విట్జర్లాండ్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. 2008 నవంబరు 30న అక్కడ గంజాయి వాడకాన్ని నేరాల్లోంచి తీసేద్దామన్న ప్రతిపాదనకు 63 శాతం వద్దన్నారు. అదే రోజు, హెరాయిన్‌కు బానిసలైపోయి ఏ వైద్యానికీ లొంగనివాళ్లకు డాక్టర్ల పర్యవేక్షణలో ఆ మందే కొలిచి ఇచ్చే పద్ధతిని 68 శాతం ఒప్పుకున్నారు. వాళ్లను గంజాయి మీద ప్రేమ ఉన్నవాళ్లని గానీ, జాలి లేనివాళ్లని గానీ అనలేం. జబ్బు పడినవాడికి వైద్యం ఆపొద్దన్నారు, అంతే. మన ఊళ్లో జనాన్ని అలా విడదీసి అడిగితే ఇలాంటి జవాబే వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఓటు పెడితే గొడవ వదిలిపోతుందన్నది మాత్రం నిజం కాదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2020లో హెరాయిన్, మెత్ లాంటివి కూడా కొద్దిగా దొరికితే జైలు వద్దని ఓటేశారు. చికిత్స ఏర్పాట్లు అనుకున్న వేగంతో రాలేదు. ఈలోగా ఫెంటనిల్ అనే ఇంకా ఘాటైన మత్తుమందు వీధుల్లోకి వచ్చింది. 2024లో అక్కడి చట్టసభే దాన్ని మళ్లీ నేరం చేసింది. శిక్ష తీసేసిన రోజుకే ఆసుపత్రి మంచం సిద్ధంగా ఉండాలి.

ఇక మన దేశం. ఒక చట్టం ఉండాలా పోవాలా అని నేరుగా ప్రజల చేత ఓటు వేయించే ఏర్పాటు మన రాజ్యాంగంలో లేదు. 1967లో గోవాలో, 1975లో సిక్కింలో జరిగినవి ఆ ప్రాంతాల భవిష్యత్తు గురించిన ఓట్లు. గంజాయి కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో పార్లమెంటు చేసింది. మార్చాల్సిందీ పార్లమెంటే. అయితే ఓటు లేకపోతే జనం మాట చెల్లదని అనుకోకండి. 1992లో సారా వద్దని పోరాడిన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు ఎవరూ బ్యాలెట్ పేపర్ ఇవ్వలేదు. మరుసటి ఏడాదికల్లా రాష్ట్రంలో సారా ఆగింది.

నా అసలు అభ్యంతరం వేరే ఉంది. రాష్ట్రమంతా ఓటు పెడితే పాడేరు, చింతపల్లి, జీకే వీధి, పెదబయలు ఓట్లు ఎన్ని? మైదానంలో మనం ఎటు వేస్తే అటే తేలుతుంది. కానీ కేసుల బరువు మోసేది ఆ కొండలవాళ్లు. నా దగ్గరికొచ్చే ఛార్జిషీట్లలో కొండ దిగువకు మూట మోసిన కుర్రాడు ఉంటాడు, ఆటో నడిపినవాడు ఉంటాడు. డబ్బు పెట్టినవాడు 'పరారీ' అన్న మాట పక్కన ఉంటాడు. ఓటు కన్నా ముందు ఒక విచారణ సంఘం వేసి, అది పాడేరులో కూర్చోవాలి, అడవివరం సెంట్రల్ జైల్లో కూర్చోవాలి. 1893లో గంజాయి మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన సంఘమే దేశమంతా తిరిగి వెయ్యి మందికి పైగా సాక్షుల మాట విని, మరుసటి ఏడాది పూర్తి నిషేధం వద్దని చెప్పింది. పరాయి ప్రభుత్వం చేసిన ఆ పాటి పని మనం మనవాళ్ల కోసం చేయలేమా?

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయికి 20 ఏళ్లు. బీచ్ దగ్గర స్నేహితులతో ఉండగా పోలీసులు పట్టుకున్నారు. జేబులో చిన్న పొట్లం దొరికిందట. ఏడాదిగా అలవాటుందని ఇప్పుడు చెబుతున్నాడు. వాళ్ల నాన్నగారు మాట్లాడటం మానేశారు. వాడి జీవితం అయిపోయినట్టేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అయిపోలేదు తల్లీ. గంజాయి కిలో వరకు చట్టం దృష్టిలో చిన్న మొత్తం. దానికి ఏడాది వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిల్ దొరక్కుండా చేసే 37వ సెక్షన్ షరతులు చిన్న మొత్తానికి వర్తించవు.

మీకు కావలసింది 64ఏ సెక్షన్. మత్తుకు అలవాటుపడినవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తి చేస్తే, వాడకానికి గానీ చిన్న మొత్తానికి గానీ అతన్ని ప్రాసిక్యూట్ చేయకూడదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సెక్షన్ చట్టంలో ఉన్నా అడిగేవాళ్లు చాలా తక్కువ. పరువు పోతుందని తల్లిదండ్రులు జరిమానా కట్టేసి బయటపడాలని చూస్తారు. నేరం ఒప్పుకుని జరిమానా కడితే అది శిక్షే. రేపు ఉద్యోగం దరఖాస్తులో ఆ గడి దగ్గర పిల్లాడి చెయ్యి ఆగిపోతుంది. కాబట్టి మీ లాయరుగారితో మాట్లాడకుండా కోర్టులో ఏదీ ఒప్పుకోనివ్వకండి.

చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీకి తీసుకెళ్లండి. ఓపీ చీటీ దగ్గర్నుంచి ప్రతి కాగితం దాచండి, అవే కోర్టులో చూపించాలి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. మీవారితో నా మాటగా చెప్పండి. డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఆ నాన్నగారు పక్కన ఉంటే పిల్లాడు రెండోసారి కూడా వెళ్తాడు.

ప్రశ్న: నా దగ్గర చదువుకున్న గిరిజన కుర్రాడు గంజాయి లోడుతో దొరికాడు. కూలి డబ్బుల కోసం మోశానంటున్నాడు. 22 కిలోలని రాశారు. తల్లిదండ్రులకు చదువు రాదు. పదేళ్లు పడుతుందంటున్నారు. నిజమేనా?
– ఉపాధ్యాయుడు, జి. మాడుగుల

జవాబు: మాస్టారూ, 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే చట్టం వ్యాపార స్థాయిగా లెక్కేసే మొత్తం. నేరం రుజువైతే పదేళ్ల కన్నా తక్కువ వేసే అధికారం జడ్జిగారికి కూడా లేదు. కనీసం లక్ష రూపాయల జరిమానా దానికి అదనం. మోసినవాడికీ, కొన్నవాడికీ ఒకటే కొలత. ఈ చట్టంలో నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. 2021 చివర్లో పోలీసులు 'పరివర్తన' పేరుతో ఏజెన్సీలో గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. తోటలు పోవడం మంచిదే. పోయినచోట కాఫీ, మిరియాలు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఇంట్లో పొయ్యి వెలగడానికి ఒక కుర్రాడు మూట ఎత్తుకుంటే అతనికి పదేళ్లు. శిక్షకు కొలత బరువు ఒక్కటే కాకూడదని నేను కోర్టులోనూ అంటున్నాను, ఇక్కడా అంటున్నాను.

ఇప్పుడు చేయాల్సింది చూద్దాం. ముందు ఆ 22 కిలోల్లో ఏముందో చూడాలి. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పైన పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. గోనెతో సహా తూచారా, ఆకు విడిగా ఉందా, మేజిస్ట్రేటు ముందు శాంపిల్ ఎప్పుడు తీశారు, ఇవన్నీ పంచనామాలో వెతకాలి. 22 నుంచి 20కి లోపు రావడానికి ఎంతో దూరం లేదు. లోపుకొస్తే పదేళ్లు గరిష్ఠ శిక్ష మాత్రమే అవుతుంది, 37వ సెక్షన్ అడ్డూ తొలగుతుంది.

లాయరు ఫీజు గురించి ఆ తల్లిదండ్రులు అప్పు చేయనక్కర్లేదు. గిరిజనులకు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా విశాఖ జిల్లా కోర్టులోని ఆ కార్యాలయానికి రండి. ఇంకొక్క మాట. ఇలాంటి కేసులో 180 రోజుల్లోగా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే, కోర్టు గడువు పెంచి ఉండకపోతే, బెయిల్ హక్కుగా అడగొచ్చు. ఛార్జిషీటు వచ్చాక అడిగితే లాభం లేదు. కుర్రాడిని మొదట రిమాండ్ చేసిన తేదీ కనుక్కుని, 180వ రోజు ఎప్పుడొస్తుందో లెక్కేసి, అది మీ దగ్గరా లాయరు దగ్గరా రాసిపెట్టి ఉంచండి.