ప్రశ్నలు – జవాబులు: నీటితో కలిసే పీయూ పూత, దానికి నానోసెల్యులోజ్ దన్ను

ప్రశ్న: కొత్త ఇంట్లో టేకు తలుపులకు పీయూ పాలిష్ వేయించాలనుకుంటున్నాం. మా అత్తగారికి ఉబ్బసం ఉంది, థిన్నర్ వాసన పడదు. నీటితో కలిపే రకం మేలని కొందరు చెబుతున్నారు. నీటితో కలిసే పూత తడిగుడ్డ పెట్టి తుడిస్తే కరిగిపోదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కరిగిపోదండి. ఆ డబ్బాలో ఉన్నది నీటిలో కరిగిన పదార్థం కాదు. మిల్లీమీటరులో దాదాపు పదివేలవ వంతు ఉండే పాలియురేథేన్ (పీయూ అంటే ఇదే) కణాలు పాలలో వెన్నలాగా నీటిలో తేలుతూ ఉంటాయి. 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం రూపొందించిన పాలియురేథేన్‌కు స్వతహాగా నీటితో పొత్తు కుదరదు. అందుకని తయారుచేసేటప్పుడే దాని అణువుల గొలుసులో డైమిథైలాల్ ప్రొపియోనిక్ ఆమ్లం వంటిదాన్ని కొద్దిగా చేర్చి, ఆ ఆమ్ల భాగాలను ట్రైఇథైలమీన్ వంటి క్షారంతో తటస్థీకరిస్తారు. దానివల్ల కణాల ఉపరితలం మీద ఋణావేశం ఏర్పడి, అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ముద్దకట్టకుండా నిలుస్తాయి. తలుపుకు పూసిన తరువాత నీరు ఆవిరైన కొద్దీ ఆ కణాలు దగ్గరకు జరిగి, ఒత్తుకుని, చివరకు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే పొర అవుతాయి. క్షారం కూడా చాలావరకు ఆవిరైపోతుంది కాబట్టి ఆ పొర మళ్లీ నీళ్లలో విడిపోదు.

అయితే ఆమ్ల భాగాలు పొరలోనే మిగిలి ఉంటాయి గనుక అది కొద్దిగా తేమను పీల్చుకుంటుంది. లోపలి తలుపులకు దీనితో ఇబ్బంది లేదు. ఎండకూ వానకూ గురయ్యే వీధి తలుపుకు, రోజూ నీళ్లు పడే భోజనాల బల్లకు మాత్రం హార్డెనర్ (పూతను గట్టిపరిచే రెండో ద్రవం) కలిపి వాడే రెండు భాగాల రకమే నిలుస్తుందని నా అభిప్రాయం. ఇక్కడే మీ ఇంటి పరిస్థితిని బట్టి ఒక హెచ్చరిక చెప్పాలి. ఒకే డబ్బాలో వచ్చే రకంలో ఐసోసయనేట్ (పాలియురేథేన్ తయారీకి వాడే చురుకైన రసాయనం) తయారీ దశలోనే చర్య జరిపి ఖర్చయిపోతుంది. హార్డెనర్‌లో అది సజీవంగా ఉంటుంది, స్ప్రే తుంపరతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసాన్ని రేపుతుంది. నీటి రకమే కదా అని పనివారు తగిన మాస్కు లేకుండా స్ప్రే చేయకూడదు. పూత పూర్తిగా ఆరి, గదులకు బాగా గాలి తగిలేవరకు మీ అత్తగారిని వేరేచోట ఉంచండి. హార్డెనర్‌లో ఉన్న ఐసోసయనేట్ కొంత నీటితోనూ చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది కాబట్టి, మందంగా ఒకే కోటు వేస్తే పొరలో సన్నని బుడగలు చిక్కుకుంటాయి. పలచని కోట్లు వేయించండి. మొదటి కోటుకు నీరు తగిలి కర్ర నూగు లేస్తుంది. ఆరాక సన్నని ఎమరీ కాగితంతో రుద్దించి రెండో కోటు వేయించాలి. మీది సముద్రతీరం కనుక ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: నానోసెల్యులోజ్ కలిపితే ఇలాంటి పూతలు ఎంతో గట్టిపడతాయని చదివాను. దూదిలో ఉండే పదార్థానికి అంత బలం ఎక్కడిది?
– ఎమ్మెస్సీ విద్యార్థి, వరంగల్

జవాబు: దూది పోగు మెత్తగా ఉన్నా, అందులో సెల్యులోజ్ గొలుసులు క్రమంగా పేర్చుకున్న స్ఫటిక భాగాలు చాలా బిగువైనవి. వాటి పొడవు దిశలో స్థితిస్థాపక గుణకం (సాగకుండా నిలిచే బిగువుకు కొలత) 110 నుంచి 150 గిగాపాస్కల్‌ల దాకా ఉంటుందని అంచనా. అల్యూమినియంది సుమారు 70. దూదిని దాదాపు 64 శాతం గంధకామ్లంలో 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే, క్రమం లేని భాగాలు తెగిపోయి ఈ స్ఫటికాలు అతి సన్నని సూదుల్లా మిగులుతాయి; నానోసెల్యులోజ్ అంటే ఇవే. ఆమ్లం వాటి ఉపరితలం మీద సల్ఫేట్ సమూహాలను, అంటే ఋణావేశాన్ని, వదిలిపోతుంది. పాలియురేథేన్ కణాలదీ అదే ఆవేశం కాబట్టి రెండూ ఒకే నీటిలో గొడవ లేకుండా కలిసి ఉంటాయి. నీటి పూతకు నానోసెల్యులోజ్ ఇంత సహజంగా అమరడానికి కారణం ఇదే.

సూదుల బిగువు ఒక్కటే చాలదు, అవి ఒకదానికొకటి తగిలి వల కట్టాలి. 1995లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు ఫావియే, శాంజీ, కవాయే సముద్రజీవులైన ట్యూనికేట్ల సెల్యులోజ్‌ను లేటెక్సులో (పాలిమర్ కణాలు నీటిలో తేలే ద్రవంలో) కలిపి ఈ వల ప్రభావాన్ని చూపించారు. వల ఏర్పడటానికి కావలసిన ఘనపరిమాణ భాగం, 0.7ను సూది పొడవు–వెడల్పుల నిష్పత్తితో భాగిస్తే వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. నిష్పత్తి 70 అయితే 1 శాతం చాలు. పత్తి స్ఫటికాల్లా పొట్టివై 10 దగ్గర ఉంటే 7 శాతం కావాలి. అంత కలిపితే ద్రవం చిక్కబడి బ్రష్షుకు, స్ప్రేగన్‌కు లొంగదు.

మీరు చదివిన వ్యాసంలో ఆ కొలతలు పొడి పొర మీద తీసుకున్నవో తడి పొర మీద తీసుకున్నవో తప్పక చూడండి. సూదులను వలగా పట్టి ఉంచేది హైడ్రోజన్ బంధాలు. పొరలోకి చేరిన నీరు ఆ బంధాల మధ్య దూరి వలను సడలిస్తుంది. ఒక రోజు నీళ్లలో నానబెట్టిన తరువాతి బలాన్ని చెప్పకుండా పొడి బలాన్ని మాత్రమే చెప్పే ఫలితాన్ని, పూతల విషయంలో నేను సగం ఫలితంగానే చూస్తాను.

ప్రశ్న: మా జిన్నింగ్ మిల్లులో దూది దుమ్ము చాలా మిగులుతుంది. దాన్ని మెత్తగా నూరి వార్నిష్‌లో కలిపితే లాభం ఉంటుందా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: ఉండదు. దూది పోగు మందం పది మైక్రోమీటర్లకు పైనే. ఆరిన వార్నిష్ కోటు మందం కొన్ని పదుల మైక్రోమీటర్లే. పోగులు పైకి తేలి ఉపరితలం గరుకవుతుంది, వాటి వెంట తేమ కర్రలోకి దిగుతుంది. ఎండిన నానోసెల్యులోజ్ పొడిని కొని కలిపినా, ఎండేటప్పుడే సూదులు గట్టిగా అతుక్కుపోయి ఉంటాయి గనుక మామూలుగా కలియబెడితే విడివడవు. తడిగా ఉన్న దశలోనే పాలిమర్‌తో కలపాలి. మీ ముడిసరుకుకు విలువ లేదని దీని అర్థం కాదు. పత్తిగింజకు అంటుకుని ఉండే పొట్టి నూగు నుంచి నానోసెల్యులోజ్ తీసే ప్రయోగాత్మక కర్మాగారం ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థలో ఉంది. మీ దగ్గర మిగిలేదాని నమూనాను ముందు వారికి చూపించి, శుద్ధి ఖర్చు గిట్టుబాటవుతుందో లేదో అడగండి.