పన్నెండు లక్షలు దాటుతుందని జీతం పెంపు వదులుకోవాలా?

ప్రశ్న: నేను హైదరాబాద్ శివారులోని ఒక ఔషధ కంపెనీలో పనిచేస్తున్నాను. ఏప్రిల్ నుంచి నెలకు మూడు వేలు పెరిగి, నా ఏడాది జీతం రూ.12,24,000 నుంచి రూ.12,60,000 అయింది. బ్యాంకు ఎఫ్‌డీల మీద ఏటా రూ.40,000 వడ్డీ వస్తుంది. కొత్త పన్ను విధానంలో ఉన్నాను. పన్నెండు లక్షలు ఒక్క రూపాయి దాటినా అరవై వేల పన్ను పడుతుందని, పెంపు వద్దని రాసివ్వడమే మేలని తోటివారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పెంపు వద్దని రాసివ్వకండి. మీ తోటివారి మాటలో కొంత నిజం ఉంది గానీ, ఏ అంకెను తీసుకెళ్లి ఏ శ్లాబులో, అంటే ఏ పన్ను రేటు వర్తించే ఆదాయ శ్రేణిలో, చూడాలన్న దగ్గరే వారి లెక్క దారి తప్పింది. శ్లాబులతో పోల్చవలసింది పే స్లిప్పులోని మొత్తం జీతాన్ని కాదు, నియామక పత్రంలోని సీటీసీని (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చును) అంతకన్నా కాదు. జీతంలోంచి ఉద్యోగులందరికీ ఇచ్చే స్థిర మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) రూ.75,000 తీసేసి, వడ్డీ వంటి ఇతర ఆదాయం కలపగా తేలే మొత్తాన్నే చూడాలి. మీ విషయంలో 12,60,000లోంచి 75,000 పోతే 11,85,000. వడ్డీ 40,000 కలిపితే రూ.12,25,000. వడ్డీని మరచిపోతే మీరు పన్నెండు లక్షల లోపే ఉన్నట్టు కనిపిస్తుంది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల మధ్య పడే భాగానికి 5 శాతం, 8 నుంచి 12 మధ్య భాగానికి 10 శాతం, 12 నుంచి 16 మధ్య భాగానికి 15 శాతం. ఆపైన ప్రతి 4 లక్షలకూ అయిదేసి శాతం పెరుగుతూ, 24 లక్షలు దాటిన భాగానికి 30 శాతం. అంటే ఆదాయం 12 లక్షలు దాటినంత మాత్రాన మొత్తం ఆదాయానికీ 15 శాతం పడదు, దాటిన మేరకే పడుతుంది. మీ జీతంలో నెలనెలా కోసే వృత్తి పన్ను మాత్రం ఇలాంటిది కాదు: నెల జీతం ఇరవై వేలు దాటితే, ఎంత దాటిందన్న లెక్క లేకుండా రూ.200 కోస్తారు. ఆ పద్ధతికి అలవాటుపడిన వారు ఆదాయపు పన్నునూ అలాగే ఊహించుకుంటారని నా అనుమానం.

ఇక అరవై వేల సంగతి. శ్లాబుల ప్రకారం 12 లక్షల మీద 20,000, 40,000 కలిసి రూ.60,000 పన్ను లెక్కకు వస్తుంది. ఆదాయం 12 లక్షలకు మించకపోతే రిబేటు కింద అదంతా రద్దవుతుంది. సరిగ్గా 12,00,000 ఉన్నా రిబేటు వర్తిస్తుంది. పైగా, ఆదాయాన్ని దగ్గరి పది రూపాయలకు సరిచేస్తారు కాబట్టి 12,00,004 కూడా లెక్కలో 12,00,000 అవుతుంది. ఒక్క రూపాయి దాటిందన్న భయం అక్కడికక్కడే తీరిపోతుంది. అంతకు మించి దాటిన వారికి మార్జినల్ రిలీఫ్ ఉంది. దాని ప్రకారం పన్ను, 12 లక్షల పైన ఎంత ఆదాయం ఉందో అంతకు మించకూడదు. శ్లాబుల లెక్కన మీకు రూ.63,750 పడాలి, ఈ నియమం వల్ల అది రూ.25,000కు తగ్గుతుంది. దాని మీద 4 శాతం సెస్సు (పన్ను మీద వేసే అదనపు పన్ను) వెయ్యి రూపాయలు కలిపి మీరు కట్టవలసింది రూ.26,000.

శ్లాబుల పట్టికలో ఎక్కడా కనిపించని ఒక అంతరం ఇక్కడ ఉంది. 12,00,000 నుంచి సుమారు 12,70,590 వరకు పెరిగే ప్రతి రూపాయీ పన్ను కిందే పోతుంది, సెస్సుతో కలిపితే రూపాయి మీద నాలుగు పైసలు ఎదురు కూడా పడుతుంది. ఆ అంకె దాటాకే 15 శాతం రేటు మామూలుగా పనిచేయడం మొదలవుతుంది. మీ తోటివారి మాటలో నిజం ఈ మేరకే. అయినా మీకు నష్టం లేదు: పెంపునకు ముందు మీ ఆదాయం రూ.11,89,000 కాబట్టి పన్ను లేదు. ఇప్పుడు పెరిగిన రూ.36,000లో 26,000 పోయినా 10,000 మిగులుతుంది. వచ్చే ఏటి పెంపునకు పునాది కూడా పెరిగిన జీతమే.

ఆ 26,000ను కూడా చట్టబద్ధంగా తప్పించుకోవచ్చు. యజమాని మీ ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఖాతాలో జమ చేసే మొత్తానికి, మూల వేతనం, కరవు భత్యంలో 14 శాతం వరకు, కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది. మీ జీతంలోంచే నెలకు రూ.2,500 ఈ పద్దుకు మళ్లించమని హెచ్‌ఆర్‌ను అడగండి. మీ అంతట మీరు కట్టుకుంటే కొత్త విధానంలో ఈ మినహాయింపు రాదు. ఏడాదికి 30,000 తగ్గి ఆదాయం రూ.11,95,000 అవుతుంది, పన్ను ఉండదు. నెలకు 2,100 మళ్లించినా సరిపోతుంది గానీ, అప్పుడు 12 లక్షల గీతకు ఇవతల మిగిలేది రెండు వందలే. పొదుపు ఖాతా వడ్డీ చాలు దాన్ని దాటించడానికి. ఈ సొమ్ము చాలా ఏళ్లు చేతికి రాదు కనుక, అప్పులేమైనా ఉంటే ముందు వాటిని చూసుకోండి.

కంపెనీ అందుకు ఒప్పుకోకపోతే, ఎఫ్‌డీ వడ్డీ సంగతి జీతాల విభాగానికి ఇప్పుడే రాసివ్వండి. వడ్డీ రూ.50,000 దాటలేదు కాబట్టి బ్యాంకు టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోయదు, కంపెనీ మీ ఆదాయాన్ని 11,85,000గానే చూస్తుంది గనుక అదీ కోయదు. కానీ వడ్డీ మీ ఏఐఎస్‌లో, అంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గరుండే మీ వార్షిక సమాచార పత్రంలో, కనిపిస్తుంది. ముందే చెబితే పన్ను నెలనెలా కొద్దికొద్దిగా పోతుంది. చెప్పకపోతే, కట్టవలసింది పది వేలు దాటింది కాబట్టి ముందస్తు పన్ను మీరే వాయిదాల్లో కట్టాలి. ఆఖరి వాయిదా గడువు మార్చి 15.