పద్యం వచ్చిన అమ్మాయికి వేషాలు దొరుకుతాయి, మరి జీతం?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంది. కాలేజీ పోటీల్లో హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం వేసిన దగ్గర్నుంచి డిగ్రీ మానేసి పద్యనాటకాల్లోకి వెళ్తానంటోంది. ఒక నాటక సమాజం వాళ్లు పిలిచారు కూడా. వాళ్ల నాన్న మాత్రం బ్యాంకు పరీక్షలే రాయాలంటున్నారు. ఇంట్లో రోజూ గొడవే. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: ముందు డిగ్రీ మాన్పించకండి. ఈ మాట నాటకం కోసమే చెప్తున్నాను. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో పీజీ చేయాలన్నా, ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల కోర్సులో చేరాలన్నా ఏదో ఒక డిగ్రీ ఉండాల్సిందే. ఎన్‌ఎస్‌డీ వాళ్లు అప్పటికే నాటకాల్లో వేసినట్టు ఆధారాలు కూడా అడుగుతారు. కాబట్టి వేసిన ప్రతి నాటకం కరపత్రం, ఫొటో, సర్టిఫికెట్ ఇప్పటి నుంచే ఒక ఫైల్లో దాచమనండి. చాలామంది పిల్లలు ఈ చిన్న పని చేయక తర్వాత బాధపడతారు.

ఇక అసలు సంగతి. ఒకప్పుడు మన రంగస్థలం మీద ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే వేసేవారు. సత్యభామగా స్థానం నరసింహారావు గారికి ఎంత పేరో మీకు తెలిసే ఉంటుంది. 1885లో మొదలైన సురభి కుటుంబ నాటక సమాజం వాళ్లు మాత్రం తమ ఇంటి ఆడపిల్లలనే స్టేజి ఎక్కించారు. తొలి తెలుగు టాకీ నాయిక సురభి కమలాబాయి అలా వచ్చినవారే. ఈరోజు పరిస్థితి వేరు. ఔత్సాహిక సమాజాల్లో మగపాత్రలకు సొంత మనుషులుంటారు, నటిని చాలాసార్లు బయటి నుంచి పిలిపించుకుంటారు. శ్రుతి తప్పకుండా పద్యం పాడే ఆడపిల్లలు తక్కువ. అంటే మీ అమ్మాయికి అవకాశాలు త్వరగానే వస్తాయి. నాకు భయం కూడా అక్కడే. ఆఖరి రిహార్సళ్లకు వెళ్లి, వేషం వేసి, కవరు తీసుకుని వచ్చేస్తే చేతిలో డబ్బులు ఆడతాయి గానీ నేర్పేవాళ్లు ఉండరు. పదేళ్లయినా అదే చంద్రమతి, అదే పద్ధతి.

కాటి సీను సంగతే తీసుకోండి. లోహితుడి శవం ఒళ్లో పెట్టుకుని పద్యం ఎత్తుకోవాలి. నిజంగానే ఏడ్చేస్తే గొంతు పూడుకుపోయి పద్యం పోతుంది. రాగం మీదే ధ్యాస పెడితే కొడుకు పోయిన తల్లి కనబడదు. పైగా హార్మోనియం శ్రుతి హరిశ్చంద్రుడి గొంతుకు సరిపోయేట్టు పెడతారు. కొత్తమ్మాయి మొహమాటపడి అదే శ్రుతిలో లాగితే గొంతు దెబ్బతింటుంది. నా పద్యాలకు శ్రుతి మార్చండి అని హార్మోనిస్టును అడగడం మొదటిరోజే అలవాటు కావాలి. సంగీతం వచ్చిన పిల్లలకు ఇంకో చిక్కుంది: ఆలాపన మీద మోజు. పద్యాన్ని ముందు విడగొట్టి, అర్థం తెలిసేలా మాటలా చెప్పి, ఆ తర్వాతే రాగం కట్టాలి. వన్స్‌మోర్ కోసం సాగదీయడం నాకైతే అస్సలు నచ్చదు.

డబ్బు విషయం దాపరికం లేకుండా చెప్తాను. ప్రదర్శనకింత అని ఇస్తారు, నెలజీతం ఉండదు. శివరాత్రి, శ్రీరామనవమి, జాతరల రోజుల్లో చేతినిండా పని. వానాకాలంలో ఫోన్ మోగదు. స్టేజినే నమ్ముకుని హైదరాబాద్‌లో ఇంటద్దె కట్టడం కష్టం. అయితే పద్యం నేర్చిన గొంతుకు వేరే పనులున్నాయి. ఒత్తులు, శ-ష-సలు స్పష్టంగా పలికేవాళ్లకు డబ్బింగ్‌లో మంచి అవకాశం. ఆకాశవాణి నాటక విభాగం ఆడిషన్ పెట్టినప్పుడు తప్పక వెళ్లమనండి. స్కూళ్లలో డ్రామా నేర్పే పని కూడా ఉంటుంది. టీవీ సీరియల్ వస్తే కాదనక్కర్లేదు, కాకపోతే వాళ్ల కాల్‌షీట్లూ నాటకం డేట్లూ ఒకదాని మీద ఒకటి పడతాయి. బ్యాంకు ఉద్యోగం కూడా చెడ్డదేం కాదు. పగలు ఉద్యోగం, సాయంత్రం రిహార్సల్ చేసుకుంటూ పేరు తెచ్చుకున్నవాళ్లు మన రంగస్థలంలో కొల్లలు.

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది. 18 నుంచి 25 ఏళ్ల లోపువారికి నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. కనీసం అయిదేళ్ల శిక్షణ చూపించాలి, కాబట్టి సంగీతం నేర్పిన గురువు దగ్గర ఇప్పుడే ఉత్తరం రాయించుకోండి.

పిలిచిన సమాజానికి ఇప్పుడే కాదనకండి, అవుననీ అనకండి. ఊరికి ఎవరితో వెళ్లాలి, వసతి ఎక్కడ, మేకప్ గది వేరుగా ఉంటుందా, డబ్బు ప్రదర్శన రోజే ఇస్తారా, ఇవన్నీ మీరే అడగండి. రవీంద్రభారతిలో నాటకమైనా మేకప్ తీసి బయటికొచ్చేసరికి మెట్రో దొరక్కపోవచ్చు, ఇంటికి ఎవరు దింపుతారో కూడా తేల్చుకోండి. తర్వాత వాళ్ల నాన్నగారిని ఒక రిహార్సల్‌కు తీసుకెళ్లండి. ప్రదర్శన రోజు అందరూ చక్కగానే ఉంటారు. పద్యం తప్పినప్పుడు ఆ అమ్మాయితో ఎలా మాట్లాడుతున్నారో రిహార్సల్లోనే తెలుస్తుంది. తల్లిదండ్రులు రిహార్సల్‌కు రాకూడదన్నారంటే, ఆ సమాజంలో వేషం ఎంత పెద్దదైనా ఒప్పుకోకండి.