తక్కువ బరువున్నదే పరిమిత కారకమా?

కాదు; పరిమిత కారకం అంటే చర్యలో ముందుగా అయిపోయే పదార్థం. మోల్స్‌ను (కణాల సంఖ్యను లెక్కించే ప్రమాణం) సమీకరణంలోని గుణకంతో, అంటే ఆ పదార్థం ముందుండే అంకెతో, భాగిస్తే తక్కువ విలువ వచ్చేదే పరిమిత కారకం. చర్య జరిగేది అణువుల లెక్కన, గ్రాముల లెక్కన కాదు.

విజయనగరం జిల్లా గరివిడి వైపు మాంగనీసు గనులు తెలిసినవే కాబట్టి ఆ లోహంతోనే చూద్దాం. 1 మోల్ మాంగనీస్ డయాక్సైడ్‌కి 4 మోల్స్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి, 1 మోల్ క్లోరిన్ వస్తుంది. మన దగ్గర డయాక్సైడ్ 87 గ్రాములు, అంటే 1 మోల్. ఆమ్లం 109.5 గ్రాములు, అంటే 3 మోల్స్. 1÷1 = 1, 3÷4 = 0.75. బరువులోనూ మోల్స్‌లోనూ ఎక్కువున్న ఆమ్లమే ముందు అయిపోతుంది! క్లోరిన్ 0.75 × 71 = 53.25 గ్రాములు, డయాక్సైడ్ 21.75 గ్రాములు మిగులుతుంది. ల్యాబ్‌లో ఆమ్లం పలచబడేకొద్దీ చర్య మందగిస్తుంది, అందుకే అంత క్లోరిన్ చేతికి రాదు.

చాలామంది మోల్స్ వరకు సరిగ్గానే చేసి, గుణకంతో భాగించకుండా 1, 3 పోల్చి డయాక్సైడ్ అని రాసేస్తారు. మార్కులు పోయేది అక్కడే.