అమ్మకం ఐదు చోట్ల, ఆదాయం ఎక్కడ?

ప్రశ్న: ఉద్యోగం చేస్తూనే ఖాళీ వేళల్లో వాడిన దుస్తులు, పుస్తకాలు, పాతకాలపు అలంకరణ వస్తువులు కొని ఆన్‌లైన్‌లో తిరిగి అమ్ముతున్నాను. ఈబే, ఎట్సీ, పోష్‌మార్క్, మెర్కారీ, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఈ ఐదింటిలోనూ నాకు ఖాతాలున్నాయి. ఏడాదిలో అమ్మకాలు దాదాపు రెట్టింపయ్యాయి గానీ చేతిలో మిగిలే డబ్బు అంతగా పెరగలేదు. సాయంత్రాలన్నీ దీనికే పోతున్నాయి. ఎక్కడ ఎంత అమ్మానో, ఎంత కమీషన్ కట్టానో ఆ లెక్కలు జతపరుస్తున్నాను. వీటిలో వేటిని ఉంచుకోవాలి, వేటిని వదిలేయాలి? అన్నిచోట్లా ఒకేసారి లిస్టింగ్ (వస్తువును అమ్మకానికి చూపే ప్రకటన) పెట్టే సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా చందా కట్టడం మంచిదేనా?

జవాబు: ఏ ప్లాట్‌ఫారంలో ఎంత అమ్మారో, ఎంత కమీషన్ కట్టారో మీరు వివరంగా రాశారు. ఎక్కడ ఎన్ని గంటలు వెచ్చించారన్నది మాత్రం మీ లెక్కల్లో ఎక్కడా లేదు. ఉద్యోగం చేసుకుంటూ ఈ పని చేసేవారికి డబ్బు కన్నా ముందు కొరత పడేది సమయమే కాబట్టి, ఒక ప్లాట్‌ఫారం ఉండాలా వద్దా అన్నది అక్కడ జరిగిన అమ్మకాన్ని బట్టి గానీ, అది తీసుకునే కమీషన్‌ను బట్టి గానీ కాకుండా, అక్కడ మీరు పెట్టిన ఒక్కో గంటకు ఖర్చులన్నీ పోగా మిగిలిన మొత్తాన్ని బట్టి తేల్చుకోవాలని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూద్దాం. 350కి కొన్న ఒక కోటు ఉందనుకోండి. అది ఏ దేశపు డబ్బయినా లెక్క మారదు. మొదటి చోట అది 1,000కి అమ్ముడవుతుంది, కమీషన్ 20 శాతం, ప్యాకింగ్‌కు 30 ఖర్చు. అన్నీ పోగా 420 మిగులుతుంది. అయితే అక్కడ లిస్టింగ్ పైకి కనబడాలంటే రోజూ దాన్ని ఆ ప్లాట్‌ఫారంలో షేర్ చేస్తూ ఉండాలి, బేరాలకు జవాబు చెప్పాలి. మొత్తం ఒక గంట పట్టింది. రెండో చోట అదే కోటు 850కే పోయింది, కమీషన్ 10 శాతం, ప్యాకింగ్ 30. మిగిలింది 385, పట్టిన సమయం 35 నిమిషాలు, అంటే గంటకు 660. మూడో చోట కమీషన్ లేదు, ప్యాకింగ్ కూడా అక్కరలేదు, కొనేవారే వచ్చి తీసుకుపోతారు. ధర 700, మిగిలింది 350. కానీ "ఇంకా ఉందా?" అని అడిగి మాయమైనవారికి జవాబులు, వస్తామని రానివారి కోసం ఎదురుచూపులు అన్నీ కలిపితే 70 నిమిషాలు. గంటకు 300. ఒక్కో వస్తువు మీద చూస్తే మొదటి చోటే మేలనిపిస్తుంది, కమీషన్ చూస్తే మూడోది. గంటల లెక్క వేస్తే ఆ రెండింటికన్నా రెండోదే చాలా ముందుంటుంది. అమ్మకాలు రెట్టింపయినా మీ చేతిలో డబ్బు నిలవకపోవడానికి కారణం ఇలాంటి చోటే ఉండవచ్చు.

కాబట్టి నాలుగు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో సమయం రాసుకోండి. ఫోటోలు తీయడం, కొలతలు తీసుకోవడం, వివరణ రాయడం వంటివి ఎక్కడ అమ్మినా ఒకసారి చేయక తప్పని పనులు కాబట్టి వాటిని ఉమ్మడి పని కింద రాయండి. బేరాలు, సందేశాలు, లిస్టింగులను మళ్లీ మళ్లీ పైకి తేవడం, పార్సిల్ పంపడం, రిటర్నులు చూసుకోవడం మాత్రం ఏ ప్లాట్‌ఫారానివి ఆ ప్లాట్‌ఫారం కిందే రాయాలి. అమ్ముడుపోని వస్తువుల మీద పెట్టిన సమయాన్ని కూడా వదలకండి. చాలామంది లెక్క తప్పేది అక్కడే. ఉమ్మడి పనిని ఇలా విడదీస్తే, ఒక ప్లాట్‌ఫారాన్ని వదిలేస్తే నిజంగా ఎన్ని గంటలు మిగులుతాయో, ఎంత ఆదాయం పోతుందో తెలుస్తుంది.

కమీషన్ విషయంలో రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఆ శాతాన్ని దేని మీద వేస్తున్నారన్నది. అమెరికాలో ఈబే తన రుసుమును వస్తువు ధర మీదే కాక, కొనుగోలుదారు చెల్లించే రవాణా ఖర్చు, పన్ను కూడా కలిసిన మొత్తం మీద లెక్కిస్తుంది. ఎట్సీ రవాణా ఖర్చును కలుపుకొంటుంది. బరువైన వస్తువుల్లో ఈ తేడా చిన్నది కాదు. ఎట్సీ బయటి సైట్లలో ఇచ్చే ప్రకటనల ద్వారా వచ్చిన అమ్మకంపై మరో 12 లేదా 15 శాతం పడుతుంది. పన్నెండు నెలల అమ్మకం 10,000 డాలర్లు దాటిన దుకాణాలకు దాని నుంచి తప్పుకునే వీలు లేదు. రెండోది, ఈ రేట్లు నిలకడగా ఉండవు. ఎట్సీ 2022 ఏప్రిల్‌లో తన లావాదేవీ రుసుమును 5 నుంచి 6.5 శాతానికి పెంచింది. మెర్కారీ అమెరికాలో 2024 మార్చిలో అమ్మకందారుల రుసుమును పూర్తిగా ఎత్తేసి, 2025 జనవరిలో 10 శాతంతో మళ్లీ తెచ్చింది. పోష్‌మార్క్ 2024 అక్టోబరులో రుసుముల విధానాన్ని మార్చి, అమ్మకాలు దెబ్బతినడంతో అదే నెలలో పాత పద్ధతికి తిరిగి వచ్చింది. రుసుము లేదన్న ఒక్క కారణంతో సరుకంతా ఒకే చోటికి తరలించడాన్ని నేను సమర్థించలేను. మారిన రేటు వల్ల వచ్చే లాభం కొన్ని నెలలదే కావచ్చు, తరలింపుకు పెట్టిన గంటలు మాత్రం తిరిగి రావు.

గంటల తర్వాత చూడవలసింది, సరుకులో చిక్కుకున్న డబ్బు. పై ఉదాహరణలోని కోటు మొదటి చోట నాలుగు నెలలకు, రెండో చోట నలభై రోజులకు అమ్ముడవుతుందనుకోండి. అదే 350 మొదటి చోట ఏడాదికి మూడుసార్లు తిరిగి 1,260 మిగులుస్తుంది. రెండో చోట తొమ్మిదిసార్లు తిరిగి 3,465 మిగులుస్తుంది. దానికి అదనంగా పట్టే సమయం రెండు గంటల పావు మాత్రమే. అందువల్ల ప్రతి వస్తువుకూ లిస్టింగ్ పెట్టిన తేదీ, డబ్బు చేతికొచ్చిన తేదీ రెండూ రాసుకోండి. కొనకముందే ఒక అంచనా కావాలంటే, ఈబేలో అమ్ముడైన వస్తువులను మాత్రమే చూపించే వడపోత ఉంది. గత 90 రోజుల్లో అలాంటివి ఎన్ని, ఏ ధరకు పోయాయో అందులో కనిపిస్తుంది. అడుగుతున్న ధరలు చూసి కొనడం కన్నా పలికిన ధరలు చూసి కొనడం ఎంతో క్షేమం.

ఇక మీ సరుకు సంగతి. ఎట్సీలో పాతకాలపు వస్తువుగా అమ్మాలంటే దానికి కనీసం 20 ఏళ్ల వయసుండాలి. మీ దుస్తుల్లో ఎక్కువ భాగం ఆ నిబంధనకు నిలవవు, కాబట్టి అక్కడ అలంకరణ వస్తువులనే ఉంచండి. పుస్తకాలకు, అరుదైన వస్తువులకు ఈబేలో కొనేవారు ఎక్కువ. పోష్‌మార్క్ ప్రధానంగా దుస్తుల సంత; అక్కడ మధ్యస్థ ధర దాటిన బ్రాండ్ దుస్తులనే పెట్టండి. ఎందుకంటే చాలా చవక వస్తువులకు శాతానికి బదులు స్థిర రుసుము పడుతుంది, మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. కొలత సరిపోలేదన్న కారణంతో రిటర్ను ఇవ్వనవసరం లేకపోవడం అక్కడి సౌలభ్యం. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌ను పార్సిల్ చేయలేనంత పెద్ద వస్తువులకు మాత్రమే వాడి, మిగతావి తీసేయండి. మెర్కారీని నాలుగు వారాల లెక్క చూశాకే తేల్చండి. మీరు చెప్పిన అమ్మకాలను బట్టి చూస్తే, మొదట వదులుకోదగినది అదేనని నాకు అనిపిస్తోంది.

అయితే ఒకే ఒక్క చోటికి కుదించుకోవద్దు. ఖాతాను ఉన్నట్టుండి నిలిపివేస్తే, అందులోని డబ్బు విడుదలయ్యే వరకు మీ ఆదాయం ఆగిపోతుంది. పెద్ద వస్తువులున్నప్పుడే వాడే ఫేస్‌బుక్‌ను పక్కనపెడితే, రెండు ప్రధాన ప్లాట్‌ఫారాలు, ప్రత్యేక సరుకుకు ఒకటి, మీ సమయానికి ఇవి చాలు. ఐరోపా సమాఖ్యలో 2023 నుంచి, ఏడాదికి 30 అమ్మకాలు చేసినా లేక 2,000 యూరోలు దాటినా ప్లాట్‌ఫారాలు ఆ వివరాలను పన్ను అధికారులకు పంపవలసి ఉంటుంది. మరికొన్ని దేశాల్లోనూ ఇలాంటి నియమాలున్నాయి కాబట్టి, ఈ వ్యాపారానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టుకుని, కొన్న రసీదులు దాచి ఉంచండి.

సాఫ్ట్‌వేర్ చందాకూ అదే కొలత వర్తిస్తుంది. మీ గంట విలువ 500, చందా 600 అయితే, నెలకు 72 నిమిషాలకన్నా ఎక్కువ ఆదా చేసినప్పుడే అది గిట్టుబాటు అవుతుంది. ఒక చోట అమ్ముడైన వస్తువును మిగతా చోట్ల వెంటనే తీసేయడం దానివల్ల కలిగే అసలు ప్రయోజనం. ఒకే ఒక్క ప్రతి ఉన్న వస్తువు రెండు చోట్ల అమ్ముడై, ఒకదాన్ని మీరే రద్దు చేస్తే, ఈబేలో అది మీ ఖాతాపై లోపంగా నమోదవుతుంది. మూడు ప్లాట్‌ఫారాలకు తగ్గాక ఈ పనిని చేత్తోనే చేసుకోగలరేమో ఒక నెల చూడండి. అప్పటికీ కష్టమనిపిస్తే, ఆటోమేటిక్ పరికరాలను ఆ ప్లాట్‌ఫారాల నిబంధనలు అనుమతిస్తాయో లేదో చదివి, ఏడాది చందా కాకుండా నెల చందాతో మొదలుపెట్టండి.