నాన్న వైద్యం అప్పులు: గట్టిగా అరిచేవాడికే ముందు కట్టాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. రాజమండ్రిలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు. పింఛను 38 వేలు. ఆరు నెలల క్రితం పక్షవాతం వస్తే హైదరాబాద్‌లో మూడు వారాలు ప్రైవేటు ఆసుపత్రిలో, తర్వాత నాలుగు నెలలు కేర్ సెంటర్‌లో ఉంచాం. ఇప్పుడు సొంతింట్లోనే ఉన్నారు. మాట సరిగా రాదు, చెయ్యి లేవదు గానీ అన్నీ తెలుస్తాయి. ఆయన క్రెడిట్ కార్డు మీద 2.80 లక్షలు, తమ్ముడు కో-అప్లికెంట్‌గా ఉన్న పర్సనల్ లోన్‌లో ఇంకా 5 లక్షలు, కేర్ సెంటర్‌కు 1.65 లక్షలు కట్టాలి. లోన్ ఈఎంఐలు రెండు తప్పాయి. కార్డు రికవరీ వాళ్లు రాత్రి తొమ్మిదింటికి కూడా నాకే ఫోన్ చేస్తున్నారు. మా పిన్నికీ, మా ఆఫీసు రిసెప్షన్‌కూ చేశారు. తల్లిదండ్రుల అప్పు పిల్లలే కట్టాలని చట్టం ఉందంటున్నారు. నగలు తాకట్టు పెట్టి ముందు కార్డు తీర్చేద్దామనుకుంటున్నాను. కేర్ సెంటర్ వాళ్లు అంతగా అడగడం లేదు. చేర్చుకునేటప్పుడు ఒక ఫారం మీద నా సంతకం, నా చెక్కు తీసుకున్నారు.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నగలు బీరువాలోంచి ఇంకా తీయకండి. మీరు వేసుకున్న వరుస తలకిందులుగా ఉంది. ఎక్కువ అరుస్తున్న కార్డు వాళ్ల దగ్గర మీ సంతకం ఉన్న కాగితం ఒక్కటీ లేదు. ఏమీ అడగని కేర్ సెంటర్ దగ్గర సంతకమూ ఉంది, చెక్కూ ఉంది. కాబట్టి మొదలు అక్కడ పెట్టండి.

ఆ చెక్కు మీద తేదీ, మొత్తం రాయకుండా ఇచ్చి ఉంటారు. చాలామంది అలాగే ఇస్తారు. వాళ్లు బాకీ మొత్తం వేసుకుని బ్యాంకులో వేస్తే, అది బౌన్సయితే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కిందికి వస్తుంది. చెక్కు తిరిగొచ్చిన సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లోపు వాళ్లు నోటీసు ఇవ్వాలి. అది అందాక మీకు 15 రోజులు గడువు. ఆలోగా కట్టకపోతే క్రిమినల్ కేసు, రెండేళ్ల వరకూ జైలు పడే అవకాశం ఉన్న కేసు. 'స్టాప్ పేమెంట్' (ఆ చెక్కుకు డబ్బివ్వొద్దని బ్యాంకుకు చెప్పడం) పెట్టేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, దానికీ ఇదే సెక్షన్ వర్తిస్తుంది.

వాళ్లు మంచిగా ఉన్నప్పుడే వెళ్లి కూర్చోండి. ముందు రోజువారీ వివరాలతో బిల్లు అడగండి. నాన్నగారిని మధ్యలో ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజులకు కూడా గది అద్దె వేశారా? ఫిజియోథెరపీ రోజుకు రెండుసార్లు చేసినట్టు రాసి ఒక్కసారే చేశారా? డైపర్లు, గ్లవ్స్ మీరు కొనిచ్చినవి మళ్లీ బిల్లులో ఉన్నాయా? ఇలాంటి బిల్లుల్లో తేడాలు దొరికేది ఎక్కువగా ఈ మూడు చోట్లే. తేలిన మొత్తానికి నాలుగైదు వాయిదాలు అడిగి, ఆ ఒప్పందం కాగితం మీద రాయించుకోండి. చివరి వాయిదాతో చెక్కు వెనక్కిస్తామన్న మాట కూడా అందులో ఉండాలి. నగల్లో కొంత తాకట్టు పెట్టక తప్పదనుకుంటే దీనికి పెట్టండి, అదీ బ్యాంకులోనే.

రెండోది పర్సనల్ లోన్. ఇది మీది కాదు గానీ తమ్ముడిది కచ్చితంగా. కో-అప్లికెంట్ అంటే పూచీ మాటగా చెప్పినవాడు కాదు, అప్పు తీసుకున్నవాడే. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. రేపు అతనికి ఇంటి లోన్ కావాలన్నా అదే అడ్డం. ఇంకా 90 రోజులు కాలేదు కాబట్టి అతన్నే బ్రాంచికి పంపి, తప్పిన ఈఎంఐలు కట్టి, మిగతా కాలం పొడిగించమని అర్జీ పెట్టించండి. ఈ లోన్‌కు మాత్రం 'సెటిల్‌మెంట్' (బాకీలో కొంత తగ్గించుకుని ఖాతా మూసేయడం) మాట ఎత్తవద్దు. అప్పుల చరిత్ర రాసి ఉంచే సిబిల్‌లో 'సెటిల్డ్' అని పడితే దెబ్బ తినేది తమ్ముడే.

ఇక కార్డు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 2.80 లక్షల మీద 9,800, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి నెలకు పదకొండున్నర వేలు దాటుతుంది. అందుకే కార్డును గాలికి వదిలేయమని చెప్పను. ఇది నాన్నగారి అప్పు, ఆయన ఆస్తి మీద నిలిచే అప్పు. ఆయన తర్వాత కూడా బ్యాంకు అడగగలిగేది మీకు ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే. కొడుకైన పాపానికి తండ్రి అప్పు నెత్తిన పడే పాత పద్ధతిని 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం తీసేసింది. ఏజెంట్ బెదిరిస్తున్న 'చట్టం' బహుశా 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం. అందులో పిల్లల్ని అడిగే హక్కు కన్నవాళ్లకు ఉంది, బ్యాంకుకు లేదు. ప్రభుత్వ పింఛనును కోర్టు కూడా జప్తు చేయలేదు. అయితే పింఛను పడేది కార్డు ఇచ్చిన బ్యాంకులోనే అయితే ఆటో డెబిట్ ఉందేమో చూసుకోండి.

ఈ కార్డుకు మాత్రం సెటిల్‌మెంట్ అడగవచ్చంటాను. 76 ఏళ్ల మనిషికి సిబిల్ స్కోరుతో ఇక పనేముంది? అప్పు ఎగ్గొట్టినట్టు అవుతుందని మీకు బెంగ ఉంటే, వడ్డీ, పెనాల్టీలు తగ్గించమని అడిగి అసలు మొత్తం కట్టండి. బేరం ఏజెంట్‌తో కాదు, బ్యాంకుతో. నాన్నగారి వేలిముద్రతో మీకు అధికారమిస్తున్నట్టు లెటర్ తీసుకెళ్లండి. వేలిముద్రకు సాక్షులుగా ఎవరుండాలో బ్రాంచిలో ముందే కనుక్కోండి.

ఏజెంట్లతో ఒక్క మాట చాలు: పేరు, ఏజెన్సీ, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్. ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని, కుటుంబసభ్యుల్నీ స్నేహితుల్నీ వేధించకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. కాల్ లాగ్, పిన్నిగారి ఫోన్‌లోని కాల్ వివరాలు, ఆఫీసుకు వచ్చిన టైమూ జతచేసి బ్యాంకు గ్రీవెన్స్ ఆఫీసరుకు ఈమెయిల్ పంపండి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, ఆ ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయండి. తిట్లు, బెదిరింపులైతే పోలీస్ స్టేషన్‌కే. వాట్సాప్‌లో మాత్రం విసుగొచ్చి 'సరే నేను కడతాను' అని రాయకండి. వాళ్లకు కావలసింది అదే.

మీ ఉత్తరంలో కనిపించని సంగతొకటి ఉంది. నాన్నగారు రిటైరైన ప్రభుత్వ ఉపాధ్యాయుడు కదా, ఎంప్లాయీస్ హెల్త్ స్కీం కార్డు ఉందా? ఆ ఆసుపత్రిలో అది వాడకుండా చేతి డబ్బు కట్టి ఉంటే మెడికల్ రీయింబర్స్‌మెంట్‌కు పెట్టారా? కేర్ సెంటర్ ఖర్చు రాదు గానీ ఆ మూడు వారాల ఆసుపత్రి బిల్లులో కొంతైనా వెనక్కి రావచ్చు. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆసుపత్రి నుంచి ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ వైద్యం, మందులు అవసరమేనన్న ధ్రువీకరణ), ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కావాలి. క్లెయిముకు గడువుంటుంది, డిశ్చార్జయి ఇప్పటికే అయిదు నెలలు దాటింది కాబట్టి ఈ వారమే ఆయన చివరగా పనిచేసిన కార్యాలయంలో కనుక్కోండి. ఉపాధ్యాయ సంఘం వాళ్లకు ఈ ఫైలు దారులు బాగా తెలుసు, మొహమాటపడకుండా అడగండి. ఆ డబ్బు వస్తే నేరుగా కార్డు సెటిల్‌మెంట్‌కే వాడండి. బ్యాంకు నుంచి సెటిల్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే, అదీ కార్డు ఖాతాకే వేయండి, ఏజెంట్ ఇచ్చిన ఫోన్‌పే నంబరుకు కాదు. కట్టాక ఇక బాకీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని నాన్నగారి పింఛను కాగితాల ఫైల్లో పెట్టండి.